మరిది ధర్మం

లోపల నా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నన్ను బయట కూర్చోమన్నారు. ఆరాధన అయిపోయింది, జనం వెళ్లిపోయారు, ఆదివారం కూర పొయ్యి మీదికి ఎక్కించాలి కదా, ఎవరి తొందర వాళ్లది. పాస్టరయ్య గదిలో ఫ్యాను కింద ఆయన, ఇద్దరు సంఘ పెద్దలు, మా అత్త సంతోషమ్మ, నా మరిది అభిషేక్. మందిరం మెట్టు మీద, చెప్పుల పక్కన, నేను. "నీడన కూర్చో తల్లీ సువార్తా, పిలుస్తాంలే" అన్నాడు పాస్టరయ్య. దయగానే అన్నాడు, ఆయన ఏదైనా దయగానే అంటాడు. నీడ మెట్టు దాకానే ఉంది. మెట్టు దిగితే ముంగిలంతా నాపబండలు, జమ్మలమడుగు ఎండకు పెనంలా కాగుతున్నాయి. ఆ బండలు పరిచింది నా మొగుడే. దేవసహాయం పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అంచులు విరిగి అమ్ముడుపోని బండల్ని యజమానిని బతిమాలి తెచ్చి, సెలవు దొరికినప్పుడల్లా మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే సరిపెట్టాడు, ఒక్క సందులో గడ్డి మొలవకుండా. పోయినేడు ట్రాక్టరు మీంచి బండలు దించుతుంటే వరుస జారి మీద పడింది. అప్పటినుంచి నేను విధవరాలిని. అది బైబిలు మాట. మా వీధిలో వాడే మాట వేరే ఉంది, అది ఇప్పుడెందుకు.

లోపల తేలాల్సింది ఒక్కటే, నన్ను అభిషేక్‌కు ఇచ్చి చేయడమా మానడమా. ఇవ్వడం అంటే నేనేదో ఇంట్లో అటకమీది బిందె అన్నట్టు. నవ్వొస్తోంది, నవ్వితే లోపలికి వినబడుతుందేమోనని కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఫ్యాను కిర్రుమంటోంది, కుర్చీ ఎవరో జరిపారు, అత్త గొంతు లేస్తోంది, మళ్లీ దిగుతోంది. అభిషేక్ గొంతు మాత్రం ఒక్కసారి కూడా వినబడలేదు. వాడి చెప్పులు నా కాలి పక్కనే ఉన్నాయి. గోధుమరంగువి, ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో సేల్స్‌మన్ అయినప్పుడు కొనుక్కున్నాడు, అంగడికి తగ్గట్టు ఉండాలని. కుడిదాని పట్టీ తెగితే దబ్బనంతో కుట్టింది నేను, గోధుమరంగు దారం లేక తెల్లదారంతో. "ఎవురు సూస్తారు వదినమ్మా కాళ్లను" అని నవ్వాడు అప్పుడు. నేను చూస్తున్నాను ఇప్పుడు, అదే కుట్టును, కళ్లు తిప్పుకోలేక. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు వీడు ఏడో తరగతి. తల నిండా పేలు. కిరసనాయిలు రాసి, గుడ్డ కట్టి, ఎండలో కూర్చోబెట్టి దువ్వినదాన్ని. పుల్లలాంటి కాళ్లు, బడి బూట్లకు బకిల్ పెట్టుకోవడం రాక, కాలు చాపి నా ముందు కూర్చునేవాడు. కామెర్లొచ్చినప్పుడు రాత్రింబవళ్లు నా ఒళ్లోనే తల. వాంతి చేతుల్లో పట్టాను. ఆ చేతులతోనే ఇప్పుడు వాడికి దండ వేయమంటారా? ఏం తండ్రీ, పైనున్న నీకు కూడా ఇది బాగానే ఉందా?

ఇదంతా ఒక్క మాటతో మొదలైంది. మా అత్తకు చదువు రాదు. సాయంత్రం దీపాలవేళ మనవరాలి చేత బైబిలు చదివించుకుంటుంది. దీప్తికి అక్షరాలు నేర్పింది నేనే, సండే స్కూలు టీచరు కూతురికి చదవడం రాకపోతే ఎలా అని, బడిలో వేయకముందే పట్టుకుని నేర్పాను. తొమ్మిదేళ్ల పిల్ల, గడగడా చదువుతుంది, అర్థం దాని పని కాదు. సృష్టి దగ్గర మొదలుపెట్టారు. జలప్రళయం దాటారు, గోపురం దాటారు, అన్నదమ్ముల కొట్లాటలు దాటారు. ఒక సాయంత్రం యూదా ఇంటి కథకు వచ్చారు. పెద్దకొడుకు చచ్చిపోతాడు, తండ్రి రెండో కొడుకును పిలిచి, నీ అన్న భార్య దగ్గరికి పోయి మరిది ధర్మం జరిగించమంటాడు. నేను వంటింట్లో సంగటి కెలుకుతున్నాను. "ఆగు పాపా, ఇంగోసారి సదువు" అంది అత్త. దీప్తి మళ్లీ చదివింది. మరిది ధర్మం. అత్త ఆ మాటను దవడన పెట్టుకున్న వక్కలా నానబెట్టుకుంది. "ధర్మమంట. సూడు, దేవుడే పెట్నాడు" అంది, ఎవరితో అందో తెలియదు. పిల్ల తర్వాతి వచనానికి పోబోతే "సాల్లే, మూయి" అంది. అక్కడ మూయించడంతోనే నా బతుకు మూతపడింది. ఎందుకంటే తర్వాతి వచనంలో ఆ మరిదికి అది ఇష్టం లేదని ఉంది. ఇష్టం లేక వాడేం చేశాడో ఉంది, దానికి దేవుడు వాణ్ణి చంపేశాడని ఉంది. నాకు తెలుసు. తెడ్డు పట్టుకుని తెలిసినదాన్ని తెలిసినట్టే నిలబడ్డాను. అది కూడా చదివించుకో అత్తా అని ఎలా అనను? ఆ వచనం తొమ్మిదేళ్ల పిల్ల చేత పైకి ఎలా చదివిస్తాం? పోనీ నేనే చదివి వినిపిద్దామంటే, అత్తకు కోడలు చదివి వినిపించే సంగతా అది? దేవుడి గ్రంథంలోనే ఉన్న మాట, నోరు పెట్టి అనలేని మాట. అంతలో సంగటి అడుగంటింది.

మర్నాటికి అత్త కన్నీళ్లు మొదలయ్యాయి. పెద్దోడి పేరు నిలబడాల, పెద్దోడికి మగబిడ్డ కావాల, బయట పిల్లను తెస్తే నా మనవరాలిని సూస్తాదా. ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి, ఆమె ఏడుపు దొంగ ఏడుపు కాదు. కొడుకు ఫోటో ముందు కూర్చుని నిజంగానే ఏడుస్తుంది. దొంగ ఏడుపైతే నాకు ఎదురు చెప్పడానికి కొంచెం వీలుండేది.

ఈ సంఘంలో ధర్మశాస్త్రం సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు? రెండేళ్ల కిందట మైదుకూరు నుంచి ఒకాయన వచ్చి, శనివారమే విశ్రాంతి దినం, ఆదివారం మనుషులు పెట్టుకున్నది, పంది ముట్టకూడదు, పొలుసు లేని చేప తినకూడదు, మోషే చెప్పిందంతా చేయాల్సిందేనని ఇంటింటికీ తిరిగాడు. కొన్ని ఇళ్లు అటు మొగ్గాయి. అప్పుడు పాస్టరయ్య వరసగా ఆదివారాలు నిలబడి చెప్పాడు. ధర్మశాస్త్రం బాలశిక్షకుడని పౌలు రాశాడు, క్రీస్తు వచ్చేదాకా మనల్ని చెయ్యి పట్టుకుని నడిపించాడు, వచ్చినాక ఆయన పని అయిపోయింది. "ప్రొద్దుటూరు బస్సెక్కి కూసున్నంక ఇంగ బోర్డు సూస్తా కిందనే నిలబడతామా అప్పా?" అన్నాడు. మందిరమంతా నవ్వింది. ఆ సాయంత్రం మా వీధిలో పంది కూర వాసన గుప్పుమంది, అదో సాక్ష్యం లాగా. నేను కూడా సండే స్కూలు పిల్లలకు అదే చెప్పాను. అప్పట్లో యెరూషలేములో పెద్దలంతా ఇలాగే ఒక గదిలో కూర్చున్నారు పిల్లలూ, బయటివాళ్లు క్రీస్తును నమ్ముకుంటే సున్నతి చేయించాలా వద్దా అని వాదించుకున్నారు, వద్దు, వాళ్ల మెడమీద ఆ కాడి పెట్టొద్దు అని తీర్మానించి ఉత్తరం పంపారు. మెడమీద కాడి అంటే ఏంది టీచర్ అని ఒక పిల్ల అడిగితే బోర్డు మీద ఎద్దు బొమ్మ వేసి చూపించాను. ఎద్దు సరిగ్గా రాలేదు. పిల్లలు కుక్క అన్నారు.

ఇప్పుడు ఇక్కడ కూర్చుని ఆలోచిస్తే, మగవాళ్లకు నొప్పి పుట్టేది పోయింది, నోటికి రుచైనది తినొద్దన్నది పోయింది. సంపాదనలో పదోవంతు సంఘానికి ఇవ్వాలన్న దశమభాగం మిగిలింది. ఆ మూడు రోజులు ఆడవాళ్లు రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రావద్దన్నది మిగిలింది, అది ఎవరూ పైకి చెప్పరు, పాస్టరమ్మ కళ్లతో చెబుతుంది. ఇప్పుడు ఇదొకటి, మూలన పడి ఉన్నదాన్ని దుమ్ము దులిపి తెచ్చారు. ఇదంతా కోపంలో తోస్తున్న లెక్కేమో. పౌలు భక్తుడు నిజంగా నన్ను కూడా ఆ బస్సెక్కించాడనే నేను నమ్మాను. టిక్కెట్టు కూడా చూపిస్తాను, ఎవరైనా అడిగితే.

పాస్టరయ్య మొదట వద్దనే అన్నాడు. మా ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, "అమ్మా సంతోషమ్మా, అది ధర్మశాస్త్రం కింద ఉండేవాళ్లకు. మనం కృప కింద ఉండాం" అన్నాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని తలుపు వెనకే నిలబడి, తండ్రీ నీకు స్తోత్రం అనుకున్నాను. అత్త కళ్లు తుడుచుకుని అడిగింది. "మరి దశమభాగం యాడిది అయ్యా? అది కృపలోదా?" పాస్టరయ్య చెవి గోక్కున్నాడు. ఆయన ముఖం చూస్తే జాలేసింది, నా మీద నాకు వేయాల్సిన జాలి ఆయన మీద వేసింది. అప్పుడిక నేనే నోరు తెరిచాను. "ధర్మశాస్త్రంలో సంతానం లేకుండా సచ్చిపోతే అని రాసుండాది అయ్యా. నాకు దీప్తి ఉండాది కదా." అత్త నన్ను అలా చూసింది, ఆడబిడ్డ సంతానమా అన్నట్టు. పాస్టరయ్య బైబిలు తీసి, వేలు తడి చేసుకుని, ఆ చోటు వెతికి, చాలాసేపు చదివాడు. "తెలుగులో సంతానం అని వేసినారు తల్లీ. హెబ్రీలో కొడుకు అని ఉండాది" అన్నాడు. బైబిలు కాలేజీలో నేర్చుకున్న హెబ్రీ ఆయనకు ఇన్నేళ్లలో పనికొచ్చింది ఆ ఒక్కరోజే. తెలుగు నా పక్కన నిలబడింది. ఎప్పుడో ఎడారిలో తిరిగినవాళ్ల భాష వచ్చి దాన్ని పక్కకు నెట్టేసింది. ఇంకోచోట అన్న భార్యను ముట్టకూడదని కూడా ఉంది అయ్యా అన్నాను. అది అన్న బతికున్నప్పుడు తల్లీ అన్నాడు. దేనికైనా జవాబుంది.

ఖమర్‌బీకి చెప్పి ఏడ్చాను. మా గోడకు గోడ, దీప్తి ఇప్పుడు వాళ్లింట్లోనే ఉంది, పొద్దున వదిలి వచ్చాను. ఆమె అంతా విని చాటలో బియ్యం పక్కన పెట్టింది. "మా దాంట్లో గూడ సేసుకుంటారు సువార్తా, తప్పేం ల్యా. కానీ ఖాజీ వచ్చి ఆడదాన్ని అడగాల. ఖుబూలేనా అని. ఆయమ్మ ఊ అనకపోతే నికా ల్యా. నిన్నెవురు అడిగినారు?" నన్నెవరూ అడగలేదు ఖమర్‌బీ. "అదేందమ్మా, సున్నతి అనే మాట మా దగ్గర తీసుకోని మీ బైబిల్లో పెట్టుకున్నారే, ఖుబూల్ అనే మాట గూడ తీసుకోని ఉండాల్సింది" అని ఆమె వేళాకోళమాడింది. నన్ను నవ్వించాలని అంది. నవ్వాను కూడా. నవ్వినాక ఇంకా ఎక్కువ ఏడ్చాను.

పులివెందులకు ఫోన్ చేశాను. మా అన్న అరటికాయల లారీకి లోడెత్తిస్తున్నాడు, వెనకాల అరుపులు. "పెద్దోళ్లు కూసోని మాట్లాడతాండారు గదా పాపా, వాళ్లేం చెప్తే అది. మనం మధ్యలో దూరితే బాగుండదు" అన్నాడు. నా సంగతిలో నేను మధ్యలో దూరడం. నేను వద్దని లేచి వచ్చేస్తే, అన్నా, అని అడిగాను. "బిడ్డను ఇడిసిపెడతారా వాళ్లు?" అన్నాడు. విడిచిపెట్టరు. అత్త ఎప్పుడో చెప్పేసింది, పోయేదానివైతే పో, నా కొడుకు బిడ్డ ఈడనే ఉంటాది అని. మొన్న దీప్తి నన్ను అడిగింది, చిన్నాయన్ను ఇంగ నాయనా అని పిలవల్లా అమ్మా అని. దానికి చిన్నాయన అంటే ప్రాణం. జడలు వేయడం కూడా వాడే నేర్చుకున్నాడు దాని కోసం. పిలవొద్దు అంటే ఒక తప్పు, పిలువు అంటే ఒక తప్పు. నిద్రపో అన్నాను.

అన్నిటికన్నా పెద్ద నష్టం అప్పుడే జరిగిపోయింది, పెళ్లి కాకముందే. వాడు నన్ను పిలవడం మానేశాడు. నెల రోజులు. శనివారం సాయంత్రం ప్రొద్దుటూరు బస్సు దిగి వచ్చి, వదినమ్మా ఆకలైతాంది అని వీధి మలుపులోనే కేకేసేవాడు, ఇప్పుడు పిల్లిలా వచ్చి వసారాలో కూర్చుంటాడు. కంచం నేను పెడితే ముఖం ఎత్తడు. నేను వంగి వడ్డించాలంటే కొంగు సర్దుకుంటున్నాను, ఏనాడూ లేనిది. ఎవరి ముందు సర్దుకుంటున్నాను, నేను పేలు దువ్వినవాడి ముందు. పోయిన ఆదివారం కొళాయి దగ్గర పట్టుకున్నాను. "నన్నెవురూ అడగరు అబ్బీ. నిన్ను అడుగుతారు. నువ్వు వద్దని ఒక్క మాట అను. నీకు దండం పెడతా." వాడు బకెట్లో నీళ్లనే చూస్తూ, "అమ్మ పురుగుల మందు తాగుతానంటాంది" అన్నాడు. నీళ్లు పొర్లిపోతున్నాయి, ఇద్దరిలో ఎవరమూ కట్టేయలేదు. వాడి మెడ మీద, జుట్టు కింద, అమ్మవారు పోసినప్పటి మచ్చ అలాగే ఉంది. వేపాకుతో అక్కడ నిమిరినదాన్ని. చెయ్యి దానంతటదే లేచింది, నేనే దించుకున్నాను. ఆ చెయ్యి ఇప్పుడు ఎలా వేసినా ఇంకో అర్థం వస్తుంది.

లోపల అత్త ఏడుస్తోంది. పెద్దల్లో ఒకాయన దగ్గాడు. చెమట వీపంతా పాకుతోంది, నోరెండిపోయింది, నీళ్లు అడుగుదామంటే ఎవర్ని అడగాలి. ఆ ధర్మశాస్త్రంలోనే ఇంకో సంగతి కూడా ఉంది, సండే స్కూల్లో ఎప్పుడూ చెప్పలేదు. మరిది వద్దంటే, వదిన పెద్దల ఎదుట వాడి కాలి చెప్పు ఊడదీయాలి, వాడి ముఖాన ఉమ్మేయాలి. అంతే, ఇద్దరికీ విడుదల. చదివిన ప్రతిసారీ ఛీ అనుకునేదాన్ని. ఇప్పుడు అదే నాకు పరమాన్నంలా తీయగా కనిపిస్తోంది. వాడు వద్దనాలి. వద్దంటే చాలు, ఈ చెప్పు తీసి పట్టుకుని, ఇదిగో అత్తా, ఇదిగో అయ్యా, ఇది కూడా అందులోదే, దశమభాగం పక్కనే, మరిది ధర్మం కిందనే ఉంది అంటాను. ఉమ్మడం మాత్రం నా వల్ల కాదు. ఉమ్మడానికి నోట్లో తడి కూడా లేదు. చూస్తూ చూస్తూనే తెల్లదారం కుట్టు ఉన్న చెప్పు చేతిలోకి తీసుకున్నాను, కొంగు కింద పెట్టుకున్నాను. ఎవరైనా చూస్తే పిచ్చిపట్టిందనుకుంటారు. తోలు వేడిగా ఉంది, లోపల వాడి బొటనవేలి గుంట తగులుతోంది. మనసులోనే మళ్లీ మళ్లీ తిరగేశాను ఆ వచనాల్ని, ఎక్కడైనా ఆడది వద్దంటే ఏం చేయాలో రాసి ఉందేమోనని. వాడు వద్దంటే ఏం చేయాలో ఉంది. నేను వద్దంటే అన్న మాటే లేదు. రాసినాయనకు అది తోచలేదు.

తలుపు తెరుచుకుంది. ఫ్యాను చప్పుడు ముందు వచ్చింది, తర్వాత అభిషేక్. ముఖం చూడగానే తెలిసిపోయింది. ఏడో తరగతిలో లెక్కలు తప్పి వచ్చినప్పుడు ఇదే ముఖం. అవునని అని ఉండడు, వద్దనీ అని ఉండడు. మీ ఇష్టం అని ఉంటాడు. మా అన్న ఫోన్లో అన్నదీ అదే. వాడి వెనకాలే గడపలో అత్త, ఆమె వెనక పాస్టరయ్య, పెద్దలు. అభిషేక్ మెట్టు మీదికి వచ్చి చెప్పుల్లోకి కాళ్లు పెట్టబోయి ఆగాడు. ఒకటే ఉంది. అటూ ఇటూ చూశాడు. ఎవరో తన్నేసి ఉంటారనుకున్నాడేమో, ఉన్నదాన్ని తొడుక్కోవడం కూడా మరిచి, మెట్టు దిగి బండల మీదికి నడిచాడు. రెండడుగులకే కాళ్లు చుర్రుమన్నాయి. ఒక కాలెత్తి ఇంకో కాలి మీద నిలబడి, అది ఎత్తి ఇది దించి, నా వైపు తిరిగాడు.

"వదినమ్మా, నా చెప్పు" అన్నాడు.

నెల రోజుల తర్వాత పిలిచాడు. ఏం చేయాలనుకున్నానో నాకు గుర్తుంది. చెప్పు చేతిలోనే ఉంది. పెద్దలు ఎదుటనే ఉన్నారు. వాడు వద్దని ఉంటే. కానీ వాడు వద్దనలేదు, కాళ్లు కాలుతూ నిలబడ్డాడు అంతే, పుల్లలాంటి ఆ కాళ్లే. "కాళ్లు బొబ్బలెక్కుతాయి రా అబ్బీ" అన్నాను, ఆ మాట నేనే అన్నానో ఇంకెవరన్నారో. మెట్టు దిగాను, వాడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను, పాదం ఎత్తి పట్టుకుని చెప్పులోకి దూర్చాను, తెల్లదారం కుట్టు ఉన్న పట్టీని మడమ వైపు లాగి సర్దాను, బడి బూట్లకు బకిల్ పెట్టినట్టే.

"సూసినారా అయ్యా" అంది వెనక నుంచి అత్త, ఏడుపూ సంతోషమూ కలిసిపోయిన గొంతుతో. "ఆయమ్మే వంగి తొడుగుతాంది. ఇంగ అడిగేదేముండాది?"

స్తోత్రం అన్నాడు పాస్టరయ్య. బరువు దిగినవాడి గొంతు అది. పెద్దలు కూడా అన్నారు. అభిషేక్ కాలు కదపలేదు. నేను తలెత్తి వాడి ముఖం చూడలేదు. లేవాలని ఒక చెయ్యి బండ మీద ఆనించాను, దేవసహాయం పరిచిన బండ, అది కాలుతోంది. చెయ్యి వెనక్కి తీసుకోవాలని తెలుస్తూనే ఉంది, తీసుకోలేదు.